పిల్లి శాపాలకి ఉట్టి తెగిన రోజు

1951 ఆగస్టు 24న అమెరికాలో, సెయింట్ లూయిస్ ఊళ్లో జరిగిన ఘోరం గురించి ఇన్నేళ్లలో ఎవరూ సీరియస్‌గా మాట్లాడలేదు, అందుకే నాకు తప్పట్లేదు. ఆ రోజు స్పోర్ట్స్‌మన్స్ పార్క్‌లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ అనే బేస్‌బాల్ టీమ్ గెలిచింది. గెలిస్తే ఘోరమేంటి అన్నారంటే మీకు బ్రౌన్స్ గురించి తెలీదన్నమాట. ఆ ఏడాది మొత్తం 52 గెలిచి 102 ఓడిన టీమ్ అండి అది, ఓడటంలో వాళ్లకి ఓ నిష్ఠ ఉంది, ఆ నిష్ఠ చెడకుండా చూడటానికి జీతమిచ్చి పెట్టుకున్న మేనేజర్ ఉన్నాడు, జాక్ టేలర్ అని. బేస్‌బాల్లో మేనేజర్ అంటే ఆఫీసులో ఫైళ్లు చూసేవాడు కాదు, టీమ్‌లో ఎవరుండాలి, ఎవరిని ఎప్పుడు తీసేయాలి, ఎవరెక్కడ నిలబడాలి అన్నీ చెప్పేవాడు.

ఆ పెద్దమనిషి నోటి దగ్గర కూడు లాక్కున్నవాడు టీమ్ ఓనర్ బిల్ వీక్. వీడు మామూలోడు కాదు, సరిగ్గా ఐదు రోజుల ముందే 3 అడుగుల 7 అంగుళాల ఎడ్డీ గేడెల్‌ని 1/8 నంబర్ జెర్సీ వేసి బ్యాటింగ్‌కి పంపాడు, లీగ్ ప్రెసిడెంట్ విల్ హారిడ్జ్ మర్నాడే ఆ కాంట్రాక్ట్ చెల్లదని కొట్టేశాడు. ఇంకెవరైనా అయితే ఓ నెల బుద్ధిగా ఉంటారు కదా. ఈయనేమో స్టాండ్స్‌లో వెయ్యి మందికి పైగా జనానికి ఓ పక్క యెస్ ఇంకో పక్క నో అని రాసున్న ప్లకార్డులు పంచి, ఈ రోజు మేనేజర్లు మీరే అన్నాడు.

ఎవరు ఆడాలన్నది కూడా అంతకుముందే పేపర్లో ఓటింగ్ పెట్టి జనంతోనే తేల్పించాడు, వాళ్లేమో రోజూ ఆడేవాళ్లని పక్కన పెట్టి షెర్మ్ లాలర్‌ని, హ్యాంక్ ఆర్ఫ్ట్‌ని దింపారు. టేలర్‌కి యూనిఫాం లేదు, మామూలు బట్టలేసుకుని, కాళ్లకి ఇంట్లో తొడుక్కునే చెప్పులతో ఊగే కుర్చీలో కూర్చుని పైపు తాగుతూ మ్యాచ్ చూశాడు. పెళ్లిలో అలిగిన మావగారిలా ఉండుంటాడని నా ఊహ. కానీ నాకో అనుమానం కూడా ఉంది, ఆ సీజన్ మొత్తంలో ఆయన హాయిగా గడిపింది ఆ ఒక్క సాయంత్రమేనేమో.

అవతలి టీమ్ ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్. తొమ్మిది ఇన్నింగ్స్ ఉండే ఆటలో మొదటిదాంట్లోనే గస్ జెర్నియల్ కొట్టిన హోమ్ రన్‌తో, అంటే మన సిక్సర్ లాంటిదాంతో, వాళ్లకి మూడు రన్స్ వచ్చేశాయి, బ్రౌన్స్ పిచర్ (బంతి విసిరేవాడు) నెడ్ గార్వర్‌ని ఎడాపెడా బాదుతున్నారు. నాలాంటివాడు హమ్మయ్య, శాస్త్రం ప్రకారమే జరుగుతోంది అనుకునే టైమ్ అది. ఇంకో పిచర్‌ని రెడీ చేయమంటారా అని బోర్డు పైకెత్తారు, జనం నో అన్నారు. అనుభవం లేదు, ట్రైనింగ్ లేదు, చేతిలో వేరుశనక్కాయలు తప్ప ఏమీ లేవు, అయినా నో. తర్వాత ఇన్‌ఫీల్డర్లు, అంటే బ్యాటర్‌కి దగ్గర్లో నిలబడే ఫీల్డర్లు, వెనక్కి జరగాలా అని అడిగితే జరగమన్నారు, జరిగారు, అథ్లెటిక్స్ బ్యాటర్ పీట్ సూడర్ కొట్టిన బంతికి ఒకేసారి ఇద్దరు అవుట్. గార్వర్ కుదురుకున్నాడు, అథ్లెటిక్స్‌కి ఆ తర్వాత ఒక్క రన్ రాలేదు. జనం ఏరికోరి తెచ్చుకున్న లాలర్ హోమ్ రన్ కొట్టాడు. స్కోరు 5-3.

నన్ను ఇంకా బాధపెట్టేది వేరే ఉంది. ఆ ప్లకార్డు పట్టుకున్నవాళ్లలో కోనీ మాక్ అనే పెద్దాయన కూడా ఉన్నాడు! 88 ఏళ్ల మనిషి, అదే అథ్లెటిక్స్‌కి 50 ఏళ్లు మేనేజర్‌గా చేసి కిందటేడే దిగినవాడు, 3,731 మ్యాచ్‌లు గెలిచినవాడు. 3,948 ఓడినవాడు కూడా ఆయనేననుకోండి, రెండూ రికార్డులే, ఇంతకన్నా అనుభవజ్ఞుడు భూమ్మీద దొరకడు, అలాంటాయన వెళ్లి జనంలో కూర్చుని యెస్ నో ఊపితే ఇంక మేధావులకి విలువేముంది చెప్పండి.

అదృష్టం బావుండి బ్రౌన్స్ వెంటనే తేరుకున్నారు. ఆ ప్రయోగం మళ్లీ చేయలేదు, పగ్గాలు నిపుణుల చేతికిచ్చేశారు, బుద్ధిగా ఆఖరి ప్లేస్‌లో సీజన్ ముగించారు. గెలిచిన పద్ధతిని వదిలేసి ఓడే పద్ధతికి తిరిగెళ్లడానికి చాలా పెద్ద మనసు కావాలి. ఆ సీజన్ అయ్యాక టేలర్‌ని ఇంటికి పంపించి, ఆటలో తలపండిన రోజర్స్ హార్న్స్‌బీని తెచ్చారు. ఆయన 1952 జూన్ దాకా ఉన్నాడు, వీక్ పీకేశాడు, ప్లేయర్లు సంతోషం పట్టలేక వీక్‌కి ఓ ట్రోఫీ ఇచ్చారు. తీసేయాలా వద్దా అని స్టాండ్స్‌లో ఎవర్నీ అడగలేదు, అడిగినా యెస్సే వచ్చేదనుకోండి.