కరెంటు మనకి, కొలిమి కొవ్వాడకి

అణు విద్యుత్తు మేలా, బొగ్గు మేలా, సోలార్ మేలా అని ప్రపంచ మేధావులు ఏళ్ల తరబడి తలలు బాదుకుంటున్నారు. విశాఖపట్నంలో ఈ చర్చ ఎప్పుడో తేలిపోయింది. ఏ కరెంటైనా మంచిదే, దాని ప్లాంటు మన బాల్కనీలోంచి కనబడకపోతే. ప్రమాదాన్ని కొలవడానికి రేడియేషన్ లెక్కగట్టే సీవర్టులూ, పొగధూళి లెక్కగట్టే మైక్రోగ్రాములూ అక్కర్లేదు, కిలోమీటర్లు చాలు. దీన్ని బాల్కనీ సూత్రం అందాం. నోబెల్ కమిటీ దృష్టికి ఇంకా వెళ్లలేదు గానీ, ఎంవీపీ కాలనీలోనూ సీతమ్మధారలోనూ దీన్ని కాదన్నవాణ్ని నేనింతవరకు చూడలేదు.

ముందు బొగ్గు సంగతి. విశాఖ దగ్గర పరవాడలో సింహాద్రి థర్మల్ స్టేషన్ ఉంది. 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు, వెరసి 2000. దేశవాళీ బొగ్గు కిలో కాలిస్తే సుమారు యూనిట్టున్నర కరెంటు వస్తుంది, మూడోవంతు బూడిద మిగులుతుంది. లెక్క కట్టండి. నిండుగా నడిచిన ఏడాదిలో కోటి టన్నుల దాకా బొగ్గు, ముప్పై లక్షల టన్నుల బూడిద. ఆ బూడిదలో యురేనియం, థోరియం జాడలు కూడా ఉంటాయి. బహు స్వల్పం లెండి, టెన్షన్ పడకండి. యురేనియం పేరు చెబితే హడలిపోయే మనమే ఆ బూడిదతో ఇటుకలు చేసి బెడ్‌రూమ్ గోడలు కట్టుకుంటున్నాం.

వన్‌టౌన్‌లో పోర్టు బొగ్గు గుట్టల మీదుగా గాలి వీచిన రోజున, పొద్దున్న తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికి పాదముద్రలు పడతాయి. కిటికీ ఊచ మీద వేలు పెట్టి రాస్తే కాటుకకి సరిపడా వస్తుంది. డాబా మీద తెల్ల చొక్కా ఆరేసినవాడు అక్కడ సాహసవంతుడి కింద లెక్క. అయినా బొగ్గులో ఒక మర్యాద ఉంది. మనిషిని ఒక్కరోజులో చంపదు. ఇరవై ఏళ్లు తీసుకుంటుంది. ఆ చావుని ఆస్తమా కింద, గుండె కింద, వయసు కింద ఎలాగైనా రాసుకోవచ్చు. పేపర్లో హెడ్‌లైన్ రాదు, ఎంక్వైరీ కమిషన్ పడదు. యూనిట్టుకి ఎన్ని ప్రాణాలు పోయాయని లెక్క తీస్తే బొగ్గు అణువుని వందల రెట్లు దాటిపోతుంది. కానీ లెక్కలకి భయపడే జాతి కాదు మనది. సైరన్‌కి భయపడతాం.

ఈ మర్యాద గ్రహించనివాళ్లు శ్రీకాకుళం జిల్లాలో ఉన్నారు. 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లు వద్దని అడ్డుపడ్డారు. పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. వాళ్లకి బాల్కనీలు లేవు, బతుకునిచ్చే చిత్తడి నేల, బీల ఉంది.

ఇక అణువు. ఇదీ శ్రీకాకుళానికే రాసిపెట్టి ఉంది. రణస్థలం మండలం కొవ్వాడలో 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు, మొత్తం 7248 మెగావాట్లు. అంటే మూడున్నర సింహాద్రులకి పైనే, పొగ లేకుండా, బొగ్గు రైళ్లు లేకుండా, రాత్రీ పగలూ తేడా లేకుండా. నిజం చెప్పాలంటే కాగితం మీద ఇంతకంటే అందమైన ఏర్పాటు లేదు. ఈ అమెరికా రియాక్టర్లు మొదట గుజరాత్‌లోని మిఠీవిర్దికి అనుకున్నవి. అక్కడ రైతులు వద్దన్నారు, ఇటు వచ్చాయి. మన తీరంలో వేట చాలక శ్రీకాకుళం మత్స్యకారులు అప్పటికే గుజరాత్‌లోని వెరావల్‌కి వలస పోతున్నారు. గుజరాత్ వద్దన్న రియాక్టర్లు ఇక్కడికి, ఇక్కడ బతకలేని మనుషులు గుజరాత్‌కి. రాష్ట్రాల మధ్య ఇంత చక్కటి ఇచ్చిపుచ్చుకోవడం నేను వేరే చూడలేదు.

రియాక్టర్ల కంపెనీ వెస్టింగ్‌హౌస్ 2017లో దివాలా పిటిషన్ వేసి, తర్వాత చేతులు మారి మళ్లీ లేచింది. అదే రకం రియాక్టర్లు రెండు అమెరికాలోని జార్జియాలో కట్టేసరికి ఏడేళ్లు ఆలస్యమైంది, ఖర్చు 3000 కోట్ల డాలర్లు దాటింది. అసలు ప్రమాదమే జరగదని ప్రమాణం చేసిన కంపెనీలు, జరిగితే పరికరాలు అమ్మినవాణ్ని కూడా నష్టపరిహారం అడగొచ్చని 2010లో మన చట్టం అనేసరికి ఎందుకో జంకాయి. మనం అపార్థం చేసుకోకూడదు. నమ్మకం వేరు, సంతకం వేరు.

ఫుకుషిమాలో రేడియేషన్ వల్ల పోయాడని జపాన్ ప్రభుత్వం ఒప్పుకున్నది ఒక్కరిని. ఊళ్లు ఖాళీ చేయించిన కంగారులో, ఆ తర్వాతి దిగులులో పోయినవాళ్లు రెండు వేల మంది పైన. మనవాళ్లు ఇంకా ముందుచూపు గలవాళ్లు. కొవ్వాడలో రియాక్టర్ గోడ లేవకముందే ఊళ్లు ఖాళీ చేయించే పని పెట్టుకున్నారు.

విశాఖ వాడికి రేడియేషన్ అంటే భయమనుకుంటే పొరపాటు. 2009 జులై 26న అణు జలాంతర్గామి అరిహంత్‌ని నీళ్లలోకి దించింది ఈ ఊళ్లోనే. రియాక్టర్ దాని కడుపులోనే ఉంటుంది. ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తు తింటూ దాని గురించి కంగారు పడినవాడు లేడు. దానికి బాల్కనీలోంచి కనబడే అలవాటు లేదు కదా.

సోలార్ మీద మాత్రం అందరికీ గౌరవమే. సింహాద్రి రిజర్వాయరు మీద 2021లో తేలే పలకలు వేశారు, 75 ఎకరాల్లో 25 మెగావాట్లు. పక్కనున్న బొగ్గు ప్లాంటుతో సమానం కావాలంటే 6000 ఎకరాల నీళ్లు కావాలి. అదీ మిట్టమధ్యాహ్నం మాట. సాయంత్రం ఏసీలన్నీ ఒక్కసారి మొదలయ్యే వేళకి సూర్యుడు డ్యూటీ దిగిపోతాడు. బ్యాటరీలు ఉన్నాయి, వాటి బిల్లూ ఉంది. పైగా 2025 అక్టోబరులో గూగుల్ మన ఊరికి గిగావాట్ డేటా సెంటర్ ప్రకటించింది. గిగావాట్ అంటే సగం సింహాద్రి. మనం పంపే గుడ్ మార్నింగ్ పూల బొమ్మలకి ఏఐ రంగులద్దాలంటే ఆమాత్రం కావాలి, అదీ ఇరవై నాలుగు గంటలూ.

ఇన్ని కోణాలు ఆలోచించి మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఇంధన విధానం మీద సర్వసభ్య సమావేశం పెట్టింది. కొవ్వాడ పక్క ఊరివాడైన వాచ్‌మన్ కుర్చీలు వేశాడు. అతని అభిప్రాయం అజెండాలో లేదు. అణు విద్యుత్తు దేశానికి అవసరమని, అది కొవ్వాడలోనే సురక్షితమని తీర్మానం నెగ్గింది. టెర్రస్ మీద సోలార్ పెట్టిద్దాం, కేంద్రం సబ్సిడీ కూడా ఇస్తోందని మూడో అంతస్తు మాస్టారు లేచారు.

"మాస్టారూ, మరి వడియాలెక్కడ పెట్టుకోవాలండీ?" అని ఐదో అంతస్తు ఆవిడ అడిగారు. ఆ ప్రతిపాదన వాయిదా పడింది.

ఏకగ్రీవంగా నెగ్గింది ఒక్కటే, ఇంకా పెద్ద డీజిల్ జనరేటర్. హుద్‌హుద్ తుఫాను అప్పుడు రోజుల తరబడి చీకట్లో ఉన్నవాళ్లం, ఎవరూ ఎదురు చెప్పలేదు. పొగ గొట్టం ఎటు పెట్టాలన్న దాని మీద అరగంట వాదన జరిగి, చివరికి పక్క అపార్ట్‌మెంట్ వైపు తిప్పాలని నిర్ణయించారు. వాళ్ల అసోసియేషన్ మీటింగు వచ్చే ఆదివారమట.