నీళ్లు అద్దంలా ఉన్నా చేపలు చస్తాయి: ఆ వాట్సాప్ మెసేజ్‌కి జవాబు

మేడ మీద ట్యాంకు పెట్టుకుని చేపలు, ఆ నీళ్లతోనే ఆకుకూరలు కలిపి పెంచేవాళ్ల (దీన్నే ఆక్వాపోనిక్స్ అంటారు) గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "ఆక్వాపోనిక్స్‌లో నీళ్లు తేటగా ఉంటే టెస్టులు అక్కర్లేదు, మురికంతా మొక్కలే లాగేస్తాయి. చేపలు చస్తుంటే నీళ్లన్నీ తీసేసి, రాళ్లు శుభ్రంగా కడిగి, కొత్త నీళ్లు పట్టి ఉప్పు వేయండి. పంపు గంటకోసారి తిరిగితే చాలు." దీన్ని నమ్మి బతికే చేపల్ని కూడా చంపుకుంటున్నారు జనం. అందుకే ఒక్కో మాటా తీసుకుని చెబుతున్నాను.

ముందు ఆ తేట నీళ్ల సంగతి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాకి రంగు లేదు, దాని నుంచి పుట్టే నైట్రైట్‌కి లేదు, నీటిలో ఆక్సిజన్ ఎంత ఉందో కంటికి కనపడదు. కాబట్టి తేటగా ఉండటం వల్ల మీకు తెలిసేది మట్టి లేదని మాత్రమే. పైగా టెస్ట్ కిట్ కొన్నవాళ్లు కూడా ఇక్కడే ఒకటి వదిలేస్తారు, పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె. మామూలు కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. అందులో చేపని చంపే రూపం ఎంత అన్నది పీహెచ్, వేడి కలిసి నిర్ణయిస్తాయి. నీళ్లు 28 డిగ్రీలు ఉన్నప్పుడు పీహెచ్ 7 దగ్గర ఆ విషం వాటా ఒక శాతం కూడా ఉండదు. అదే పీహెచ్ 8.5 అయితే దాదాపు 18 శాతం. అంటే కిట్‌లో అదే 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) కనపడుతున్నా, ఒక ఇంట్లో చేపలు ఈదుతుంటాయి, ఇంకో ఇంట్లో మొప్పలు కాలి చస్తాయి. మన బోరు నీళ్లు చాలా చోట్ల 8కి దగ్గరగానో పైనో ఉంటాయి. ఎండ పడే ట్యాంకులో పచ్చ నాచు ఉంటే మధ్యాహ్నానికి పీహెచ్ ఇంకా ఎక్కుతుంది, అందుకే పొద్దున ఒకసారి, మూడింటికి ఒకసారి చూడమంటాను.

మురికి మొక్కలు లాగేస్తాయి అన్నది సగం నిజం, ఆ సగం కూడా తర్వాతి మాట. అసలు పని చేసేది గ్రో బెడ్ (మొక్కలు నాటే రాళ్ల తొట్టి) రాళ్లకి, పైపుల లోపలికి అంటుకుని ఉండే బ్యాక్టీరియా. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, మొక్కలు ఎక్కువగా తినేది ఆ చివరి దాన్ని. ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ట్యాంకు పెట్టిన రోజే చేప పిల్లల్ని నిండా వదిలి, నాలుగు పాలకూర నార్లు నాటి, మొక్కలు చూసుకుంటాయిలే అనుకుంటే ఎలా? ఇంకో చిక్కు, అమ్మోనియా తగ్గిందని ఊపిరి పీల్చుకునే సమయానికే నైట్రైట్ ఎక్కుతుంది. చచ్చిన చేప మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాల్సింది గోధుమ రంగులో ఉంటే నైట్రైట్‌ని అనుమానించాలి. నైట్రైట్ వల్ల రక్తం ఆక్సిజన్ మోయలేకపోతుంది, నీళ్లలో గాలి ఉన్నా చేపకి అందదు.

ఉప్పు విషయంలో మెసేజ్‌ని పూర్తిగా కొట్టిపారేయను. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల్లోంచి లోపలికి పోనివ్వకుండా అడ్డుకుంటుంది, లీటరుకి ఒక గ్రాము అయొడిన్ లేని ఉప్పు చాలు. కానీ అమ్మోనియాకి ఉప్పు మందు కాదు. నీళ్లు ఆవిరైనా ఉప్పు పోదు, ప్రతిసారీ గుప్పెడు వేస్తూ పోతే మొక్కలు దెబ్బతింటాయి, స్ట్రాబెర్రీ అయితే మరీను.

ఇప్పుడు అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా, నీళ్లన్నీ మార్చి రాళ్లు కడగడం. మున్సిపల్ కుళాయి నీళ్లతో కడిగితే ఆ క్లోరిన్ బ్యాక్టీరియానీ చంపుతుంది, చేపల మొప్పల్నీ కాలుస్తుంది, వారాల తరబడి కుదిరిన వ్యవస్థ మళ్లీ మొదటికి వస్తుంది. క్లోరిన్ అయితే ఎయిర్ స్టోన్ (నీళ్లలో గాలి బుడగలు వదిలే రాయి) పెట్టి ఒక రోజు ఉంచితే పోతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు మాత్రం గమనించండి, అక్కడ చాలా ఊళ్లలో క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) వాడతారు, అది అలా పోదు, దానికి డీక్లోరినేటర్ మందు వేయాల్సిందే. పాత ట్యాంకుల్లో ఇంకో ప్రమాదం ఉంది. బ్యాక్టీరియా పని చేసే కొద్దీ పీహెచ్ పడిపోతూ వస్తుంది, 6 దాకా దిగితే ఆ పని బాగా నెమ్మదించి అమ్మోనియా పోగవుతుంది, కానీ తక్కువ పీహెచ్ వల్ల అది విషంగా మారదు కాబట్టి చేపలు బతికే ఉంటాయి. చేపలున్న ట్యాంకుని ఎవరూ పూర్తిగా ఖాళీ చేయరు కదా, అడుగున మిగిలిన నీళ్ల మీద బోరు నీళ్లు పోస్తారు, పీహెచ్ ఒక్కసారిగా ఎక్కుతుంది, మిగిలిన అమ్మోనియా విషం అవుతుంది, సాయంత్రానికి చేపలు వెల్లకిలా తేలతాయి. అప్పుడు "ఆలస్యంగా మార్చాం" అనుకుంటారు పాపం. పీహెచ్ 6.5 కిందకి జారుతుంటే దంచిన ఆల్చిప్పలు వల సంచిలో కట్టి వేయండి, మెల్లగా పెరుగుతుంది.

పంపు గంటకోసారి అన్నది గ్రో బెడ్‌కి సరిపోవచ్చు, చేపలకి వేరే గాలి ఉండాలి. 30 డిగ్రీల నీళ్లలో పట్టే ఆక్సిజనే లీటరుకి సుమారు 7.5 మిల్లీగ్రాములు. అందులో చేపలు, వేళ్లు, బ్యాక్టీరియా అందరికీ వాటా. భీమవరం, కైకలూరు వైపు చెరువుల రైతుల్ని అడగండి, తెల్లవారుజాము అంటేనే వాళ్లకి టెన్షన్, ఆక్సిజన్ బాగా తగ్గి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి వచ్చేది అప్పుడే. "మా చేపలకి ఎయిర్ పంపే లేదు, బాగానే ఉన్నాయి" అని కింద కామెంట్లు పెట్టేవాళ్లలో చాలామంది పెంచేది కొర్రమీను. అది పైకి వచ్చి గాలి పీల్చే చేప! రోహు, తిలాపియా అలా బతకలేవు. కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి మొదటి రోజే కొనండి.

చేపలు ఎలా చచ్చాయో చూస్తే సగం కారణం దొరుకుతుంది. రాత్రికి రాత్రి, పెద్దవి ముందు పోతే ఆక్సిజన్. రోజుకి ఒకటీ రెండూ పోతుంటే అమ్మోనియా లేదా నైట్రైట్. కొత్త నీళ్లు పోసిన కొన్ని గంటల్లో పోతే క్లోరిన్ లేదా పీహెచ్. ఏదైనా సరే ముందు మేత ఆపండి, గాలి పెంచండి, చచ్చినవి తీసేయండి, ఆ తర్వాత అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ మూడూ చూడండి. నీళ్లు మార్చాల్సి వస్తే క్లోరిన్ పోయిన నీళ్లు, పీహెచ్ మీ ట్యాంకుకి దగ్గరగా ఉన్నవి, పావు వంతు మాత్రమే. యాంటీబయాటిక్స్ మాత్రం ఆ ట్యాంకులో పోయకండి, ఆ నీళ్లతో పెరిగిన ఆకుకూర మీ పిల్లలు తింటారు.