ట్యూన్ కన్నా ముందు కాగితం

రైల్వే ప్లాట్‌ఫాం మీద తల్లి కొడుకుని సాగనంపే సీను. నిడివి 2 నిమిషాల 10 సెకన్లు. రైలు కదిలే చోట వయొలిన్లు ఆగిపోయి ఒక్క ఫ్లూటే మిగిలేలా నేపథ్య సంగీతం కట్టాను. డైరెక్టర్ విని కాసేపు మాట్లాడలేదు. నాలుగు రోజులకి కొత్త కట్, అంటే మళ్లీ ఎడిట్ చేసిన సీను వచ్చింది. ల్యాగ్ ఉందని మధ్యలో 14 సెకన్లు తీసేశారు. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన 336 ఫ్రేములు పోయాయి. ఇప్పుడు వయొలిన్లు ఆగేసరికి రైలు వెళ్లిపోతోంది. ఫ్లూట్ వాయించిన ఆయన్ని మళ్లీ పిలవాలి, స్టూడియోకి మళ్లీ అద్దె కట్టాలి. ‘చిన్న కరెక్షనే కదా’ అన్నారు నిర్మాత. ఖర్చు నా మీదే పడింది, మాది ప్యాకేజీ కాబట్టి.

చిన్న సినిమాల్లో ఎక్కువగా నడిచేది ఈ పద్ధతే. నిర్మాత ఒకే మొత్తం ఇస్తారు. వాయిద్యాలు, గొంతులు, మిక్సింగ్ అన్నీ అందులోనే. మిగిలిందే మన సంపాదన. ఎడిట్ మారిన ప్రతిసారీ అది కరిగిపోతుంది.

డైరెక్టర్లకి సంగీతం భాష రాదని మనవాళ్లు విసుక్కుంటారు. నేను ఒప్పుకోను. ‘ఇంకొంచెం ఫీల్ కావాలి’ అంటే రాగం మార్చమని కాదు. చాలాసార్లు, ఆ పాత్ర లోపల దాచుకున్నది మనకి అందలేదని అర్థం. కూర్చోబెట్టి అడిగి రాబట్టడం మన పనే. అసలు టెన్షన్ రిఫరెన్స్ ట్రాక్‌తో. ఎడిటింగ్‌లో వేరే సినిమా మ్యూజిక్ పెట్టుకుని వారాల తరబడి చూస్తారు. చెవి దానికి అలవాటు పడ్డాక మనమేం ఇచ్చినా ‘అలా లేదు’ అనిపిస్తుంది. అందుకే రఫ్ కట్, అంటే తొలి ఎడిట్ దశలోనే, ఉత్త పియానో మీద వాయించినా సరే, సొంత థీమ్ ఎడిటర్ చేతికి ఇచ్చేయాలి.

డబ్బు మాట మాత్రం నోటితో ఆగకూడదు. ఎన్ని కరెక్షన్లు, ఎడిట్ ఖరారై లాక్ అయ్యాక కట్ మారితే ఎంత, చివరి వాయిదా ఎప్పుడు అన్నవి ముందే రాసుకోవాలి. నేనైతే ఆ వాయిదా అందాకే స్టెమ్స్, అంటే వాయిద్యాల వారీగా విడదీసిన ట్రాకులు ఇస్తాను.

హక్కుల సంగతి ఇంకా ముఖ్యం. డబ్బిచ్చి చేయించుకున్న సంగీతానికి, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే యజమాని అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ మనకో ఆసరా ఇచ్చింది. హక్కులు రాసిచ్చినా, థియేటర్‌లో సినిమాతో పాటు వినిపించేది తప్ప మిగతా వాడకాలపై రాయల్టీలో సమాన వాటా మనకుంటుంది. దాన్ని వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వడం కుదరదు. ‘అన్ని హక్కులూ శాశ్వతంగా’ అనే వాక్యం చూసి ఆశ వదిలేసుకున్న కుర్రాళ్లని చూశాను, బాధేస్తుంది. రాయల్టీలు వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీ ఐపీఆర్ఎస్‌లో చేరాలి. ఏ బిట్ ఎన్ని సెకన్లు వాడారో క్యూ షీట్ రాయించాలి. పాటలకే కాదు, నేపథ్య సంగీతం, అంటే ఆర్ఆర్‌కీ.

తర్వాతి సినిమాకి అదే డైరెక్టర్ వచ్చారు. ఒకటిన్నర పేజీ కాగితం ముందు పెట్టాను. ఎడిట్ లాక్ తేదీ దగ్గర పెన్ను ఆపి, ఎడిటర్‌కి ఫోన్ చేసి కనుక్కుని మరీ రాశారు.