కొరింథు కొండ మీద వెయ్యిమంది: అఫ్రొడైటీ పేరుతో తిరుగుతున్న కథకు ఖండన

గ్రీకుల ప్రేమ దేవత అఫ్రొడైటీ గురించి ఒక కథనం వాట్సాప్ గ్రూపుల్లోనూ ప్రసంగాల్లోనూ ఏళ్ల తరబడి తిరుగుతోంది. దాని సారాంశం ఇది. గ్రీసులోని కొరింథు నగరంలో కొండ మీద ఆమె గుడి ఉండేది. అందులో వెయ్యిమంది వేశ్యలు ఉండేవాళ్లు. రోజూ సాయంత్రం కొండ దిగి ఊళ్లోకి వచ్చి, సంపాదించింది గుడికి కట్టేవాళ్లు. క్రైస్తవ అపొస్తలుడు పౌలు కొరింథుకు వచ్చినప్పుడు కళ్లారా చూసింది ఇదే. సైప్రస్‌లో అయితే ఆడవాళ్లంతా ఒక్కసారైనా గుడిలో పరాయి మగవాడితో గడపాల్సిందే. 'పాండెమోస్' అని ఆమెకున్న బిరుదే ఆమె కామదేవత అని చెబుతోంది. ప్రేమ, అందం తప్ప ఆమెకు ఇంకేం పట్టదు. మన దేవదాసీ వ్యవస్థ కూడా ఈ బాపతే.

దీన్ని రెండు వర్గాలు రెండు రకాలుగా వాడుకుంటున్నాయి. అన్యుల పూజలు ఎలా ఉండేవో చూడండి అని చెప్పడానికి కొందరు. దేవదాసీల పేరు చెప్పి మనల్ని అంటారు గానీ ముందు వాళ్ల చరిత్ర చూసుకోమనండి అనడానికి ఇంకొందరు. ఇద్దరికీ ఆ వెయ్యి అనే అంకె తెగ నచ్చింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పరు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

వెయ్యిమంది లెక్క మనకు దొరికేది స్ట్రాబో అనే భూగోళ రచయిత దగ్గర. అతను రోమన్ చక్రవర్తి ఆగస్టస్ కాలం వాడు. కొరింథులో అఫ్రొడైటీ గుడి ఎంత సంపన్నమైనదంటే, మగవాళ్లూ ఆడవాళ్లూ దేవతకు సమర్పించిన వేశ్యలే వెయ్యికి పైగా ఉండేవారని, వాళ్ల కోసం జనం ఎగబడి ఊరు ధనవంతమైందని, ఓడల వాళ్లు అక్కడ డబ్బు సునాయాసంగా తగలేసేవాళ్లని రాశాడు. ఇక్కడ గమనించాల్సింది, ఇదంతా 'ఉండేది' అని గతం గురించి చెప్పిన మాట. నేను చూశాను అని అతను ఎక్కడా అనలేదు. అనడానికి వీలూ లేదు. రోమన్ సేనాని మమ్మియస్ క్రీ.పూ. 146లో కొరింథును నేలమట్టం చేశాడు. మగవాళ్లను చంపించి, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా అమ్మేశాడు. ఆ తర్వాత వందేళ్లకు, క్రీ.పూ. 44లో, జూలియస్ సీజర్ చొరవతో అక్కడ కొత్తగా రోమన్ కాలనీ వెలిసింది. స్ట్రాబో వెళ్లింది ఆ కొత్త ఊరికి. కొండ మీదికి ఎక్కి అతను చూసిందేమిటో కూడా అదే చోట రాశాడు: అఫ్రొడైటీకి ఒక చిన్న గుడి. అంతే. 1926లో అమెరికన్ పురావస్తు బృందం ఆ శిఖరాన్ని తవ్వినప్పుడు బయటపడిన పునాదులు కూడా ఒక చిన్న గుడివే.

మరి వెయ్యిమంది బొమ్మ అతని మనసులోకి ఎలా వచ్చింది? ఇక్కడ నా అనుమానం ఒకటి చెబుతాను. స్ట్రాబో పుట్టింది నల్లసముద్రం దక్షిణ తీరాన పొంటస్ ప్రాంతంలో. అక్కడ కోమానా అనే పుణ్యక్షేత్రం ఉండేది. అతని తల్లి తరఫు బంధువొకరు ఆ గుడికి ప్రధాన పూజారిగా పనిచేశాడు. ఆ గుడికి వేల సంఖ్యలో దాసులు ఉండేవారని, ఊళ్లో దేహంతో సంపాదించే ఆడవాళ్లు చాలామంది ఉన్నారని, వాళ్లలో ఎక్కువమంది దేవతకు చెందినవాళ్లేనని, ఒకరకంగా ఇది చిన్న కొరింథు అని అతనే రాశాడు. తనకు బాగా తెలిసిన ఊరు కొలతతో, తను ఎన్నడూ చూడని పాత కొరింథును ఊహించుకుని ఉంటాడని నాకనిపిస్తుంది.

అలాగని పాత కొరింథులో ఏమీ లేదని కొట్టిపారేయడం కూడా తప్పే. క్రీ.పూ. 464 ఒలింపిక్స్‌లో పరుగు పందెంలోనూ ఐదు క్రీడల పోటీలోనూ గెలిచిన క్సెనొఫోన్ అనే కొరింథు వాసి, గెలిస్తే వేశ్యలను అఫ్రొడైటీకి సమర్పిస్తానని మొక్కుకున్నాడు. మొక్కు తీర్చినప్పుడు విందులో పాడటానికి పిండార్ కవి ఒక పాట రాశాడు. ఇలాంటి పాట రాసినందుకు కొరింథు పెద్దలు నన్నేమంటారో అని ఆ పాటలోనే కాస్త ఇబ్బంది పడ్డాడు కూడా. అందరికీ అలవాటైన పవిత్ర ఆచారమే అయితే ఆ తడబాటు ఎందుకు? పిండార్ మాటల్లో ఆ అమ్మాయిలు దేవతకు సాంబ్రాణి వేస్తున్నారు, ప్రార్థిస్తున్నారు. గుడిలో ఇంకేదైనా జరిగినట్టు ఒక్క ముక్క లేదు. బానిసలను దేవుడికి ఆస్తిగా రాసివ్వడం గ్రీకు లోకంలో ఉన్న పనే. దేవతకు బానిసను ఇవ్వడం వేరు, దేవత ముందు సంగమాన్ని పూజగా చేయడం వేరు. పోస్టు రాసినవాళ్లు ఈ రెంటినీ కలిపేశారు. 2008లో స్టెఫనీ బుడిన్ అనే పరిశోధకురాలు ఈ పాత ఆధారాలన్నిటినీ ఒక్కొక్కటిగా తిరగేసి, గుడి వ్యభిచారం అనే వ్యవస్థ ప్రాచీన ప్రపంచంలో అసలు లేనే లేదని తేల్చింది. ఆమె అన్నది అందరూ పూర్తిగా ఒప్పుకోలేదు. నా మటుకు నాకు, క్సెనొఫోన్ మొక్కు నిజమే అనిపిస్తుంది. వెయ్యిమంది, రోజూ పూజ పేరుతో వ్యాపారం అనేవాటికి మాత్రం నిలబడే ఆధారం కనిపించదు.

కొరింథులో వేశ్యలు ఉండేవారు, అందులో అనుమానం లేదు. అటు లెకేయం, ఇటు కెంక్రేయ, రెండు సముద్రాల వైపూ రెండు రేవులున్న ఊరు. లాయిస్ లాంటి వేశ్యల ఖరీదు గురించి గ్రీకులు తరతరాలు జోకులు చెప్పుకున్నారు. అది రేవు పట్నం వ్యాపారం, గుడి ఆచారం కాదు.

సాయంత్రం కొండ దిగి రావడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. స్ట్రాబోలో లేదు, పిండార్‌లో లేదు. ఆ కొండ ఎత్తు 575 మీటర్లు. రోజూ దిగి, మళ్లీ ఎక్కే వెయ్యిమందిని ఊహించినవాళ్లు ఒక్కసారి కూడా అది ఎక్కి ఉండరు.

పౌలు సంగతి. ఆయన కొరింథులో ఉన్నది సుమారు క్రీ.శ. 50, 52 మధ్య. గల్లియోను అనే రోమన్ అధికారి అక్కడ అధిపతిగా ఉన్న కాలం డెల్ఫీలో దొరికిన శాసనం వల్ల తెలుస్తోంది కాబట్టి ఈ లెక్క గట్టిది. అంటే పాత కొరింథు బూడిదై అప్పటికి దాదాపు రెండు వందల ఏళ్లు. స్ట్రాబో మాటే నిజమనుకున్నా, పౌలు ఆ వెయ్యిమందిని చూసే అవకాశమే లేదు. పదహారు అధ్యాయాల మొదటి కొరింథీయుల పత్రికలో ఆయన వేశ్యల దగ్గరికి వెళ్లొద్దని హెచ్చరించాడు, విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి అధ్యాయాల కొద్దీ రాశాడు. అఫ్రొడైటీ పేరు మాత్రం ఎక్కడా ఎత్తలేదు. ఎఫెసులో అర్తెమిదేవి భక్తుల అల్లరిని అంత వివరంగా రాసిన అపొస్తలుల కార్యాల గ్రంథం, కొరింథు దగ్గరికి వచ్చేసరికి డేరాలు కుట్టే పని, సమాజమందిరంలో వాదోపవాదాలు, గల్లియోను న్యాయపీఠం గురించి చెబుతుంది గానీ కొండ మీది గుడి గురించి చెప్పదు. పత్రికను అర్థం చేసుకోవడానికి ఈ వెయ్యిమంది అవసరం లేదు. ప్రసంగంలో అది లేకపోతే పోయేదేమీ లేదు.

అప్పటి కొరింథులో అఫ్రొడైటీ ఎవరు? రోమన్లకు ఆమె వీనస్. ట్రాయ్ వీరుడు ఏనియాస్‌కు తల్లి. సీజర్ కుటుంబం తమ వంశానికి మూలం ఆమేనని చెప్పుకునేది. సీజర్ స్థాపించిన కాలనీలో ఆమె రాజకుటుంబపు కులదేవత లాంటిది. క్రీ.శ. రెండో శతాబ్దంలో పౌసానియస్ అనే యాత్రికుడు అదే కొండ ఎక్కి గుడిలో ఏయే విగ్రహాలున్నాయో రాశాడు: ఆయుధాలు ధరించిన అఫ్రొడైటీ, సూర్యుడు హేలియోస్, విల్లు పట్టిన ప్రేమ దేవుడు ఈరోస్.

సైప్రస్ కథ, దానితో పాటే వచ్చే బాబిలోను కథ గ్రీకు చరిత్రకారుడు హెరోడొటస్‌ది, క్రీ.పూ. ఐదో శతాబ్దం. బాబిలోనులో ప్రతి స్త్రీ జీవితంలో ఒక్కసారి మిలిట్టా అనే దేవత గుడిలో కూర్చుని, డబ్బు ఒళ్లో వేసిన పరాయివాడితో వెళ్లాలని రాశాడు. సైప్రస్‌కు అతను ఇచ్చింది ఒకే ఒక్క వాక్యం: అక్కడ కూడా కొన్నిచోట్ల ఇలాంటి ఆచారమే ఉందని. అప్పులు, పెళ్లిళ్లు, గుడి ఖర్చులు, దావాలు, అన్నీ మట్టి పలకల మీద రాసుకున్న సమాజం బాబిలోను. అలాంటి పలకలు వేలకొద్దీ బయటపడ్డాయి. ఆడవాళ్లందరికీ తప్పనిసరి అయిన ఈ ఆచారం వాటిలో కనపడదు.

సైప్రస్‌లో నిజంగా ఏం జరిగేదో తెలుసుకోవాలంటే పాఫోస్ చూడాలి. అఫ్రొడైటీకి అన్నిటికంటే పేరున్న క్షేత్రం అదే. హోమర్ కావ్యం ఒడిస్సీలో, యుద్ధ దేవుడు ఏరీస్‌తో కలిసి వలలో దొరికిపోయి దేవతలందరి ముందూ నవ్వులపాలైన అఫ్రొడైటీ, విడుదల కాగానే నేరుగా వెళ్లేది పాఫోస్‌కే. అక్కడ సాంబ్రాణి పొగలు కమ్మిన బలిపీఠం ఉందని ఆ కావ్యం చెబుతుంది. క్రీ.శ. 69లో, తర్వాత చక్రవర్తి అయిన టైటస్ దారిలో అక్కడ ఆగి, దేవతను తన ప్రయాణం గురించి అడిగాడు. ఆ సందర్భంలో చరిత్రకారుడు టాసిటస్ గుడిని వర్ణించాడు. బలిపీఠం మీద రక్తం చిందించడం నిషేధం. ప్రార్థన, అగ్ని, అంతే. పీఠం ఆరుబయట ఉన్నా వానకు తడవదని నమ్మకం. దేవతకు మనిషి రూపం లేదు. అడుగున వెడల్పుగా, పైకి సన్నబడుతూ పోయే ఒక రాయి. అందానికి అధిదేవత అని మనం చెప్పుకునే ఆమెకు అసలైన పుణ్యక్షేత్రంలో ముఖమే లేదు. పాత పాఫోస్ ఉన్న కూక్లియా ఊరి మ్యూజియంలో పెద్ద నల్లటి రాయి ఒకటుంది. ఆ గుడి రాయి అదేనని చెబుతారు. రూపం లేని రాయికి మొక్కడం మన పాఠకులకు వింతేమీ కాదు గనుక ఇక్కడ ఎక్కువ వివరించను.

దేవదాసీల పోలిక దగ్గర కోపం వస్తుంది. ఈ పోలిక ఇవాళ్టిది కాదు. జేమ్స్ ఫ్రేజర్ అనే బ్రిటిష్ పండితుడు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అఫ్రొడైటీ, ఆమె ప్రియుడు అడోనిస్‌ల గురించి రాస్తూ, తమిళ దేశపు గుళ్లలోని నాట్యకత్తెలను తెచ్చి పశ్చిమాసియా ఆచారాలకు సాక్ష్యంగా పక్కన పెట్టాడు. ప్రాచీన గ్రీసు గురించి తెలియని ఖాళీలను వలస పాలనలో ఉన్న దేశపు ఆడవాళ్లతో పూడ్చడం అది. ఇప్పుడు మనవాళ్లే దాన్ని తిప్పి పంచుకుంటున్నారు. దేవదాసీ, జోగిని ఆచారాల్లో నలిగిన స్త్రీలకు చరిత్ర ఉంది, చట్టాలున్నాయి: 1947 మద్రాసు చట్టం, 1988 ఆంధ్రప్రదేశ్ చట్టం. బతికున్న మనుషుల బాధను రెండు వేల ఏళ్ల కిందటి పుకారుకు ఆధారంగా వాడటం ఇటు వాళ్లకూ అటు చరిత్రకూ అన్యాయమే.

ఇక పాండెమోస్. 'స్వర్గపు అఫ్రొడైటీ యురేనియా స్వచ్ఛమైన ప్రేమకు, పాండెమోస్ నీచమైన కామానికి' అనే విభజన గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన ఒక విందు సంభాషణలో వస్తుంది. అది కూడా ప్లేటో సొంత మాట కాదు, పౌసానియస్ అనే అతిథి ప్రసంగం (కొండెక్కిన యాత్రికుడు వేరు, ఇతను వేరు; పేరు ఒకటే కావడం మన ఖర్మ). తను మెచ్చే ప్రేమను గొప్ప చేయడానికి ఆ అతిథి పన్నిన వాదన అది. ఏథెన్స్ జనం పూజల్లో ఇలాంటి తేడా లేదు. జనమందరి దేవతగా పాండెమోస్‌కు నగరం కోట కొండ అక్రోపోలిస్ నైరుతి వాలులో గుడి ఉండేది. చెదురుమదురు ఊళ్లను పురాణ రాజు థీసియస్ ఒకే నగరంగా కలిపినప్పుడు ఆమె పూజ మొదలైందని ఏథెన్స్ వాళ్ల నమ్మకం. పక్కనే మాటతో ఒప్పించే దేవత పీతో. ఏథెన్స్ శాసనకర్త సోలోన్ వేశ్యావాటికల డబ్బుతో ఈ గుడి కట్టించాడనే కథ కూడా ఒకటుంది. అయితే దాన్ని మనకు అందించిన ఎథేనియస్ అనే తర్వాతి కాలపు రచయిత ఆ పక్కనే తెచ్చి పెట్టిన సాక్ష్యం ఒక హాస్యనాటకంలోని మాటలు. దానికంటే నేను నమ్మేది క్రీ.పూ. 283 ప్రాంతపు ఒక శాసనాన్ని: పాండెమోస్ ఊరేగింపు వచ్చినప్పుడు నగర అధికారులు గుడి శుద్ధికి ఒక పావురాన్ని ఇవ్వాలి, విగ్రహాలను కడిగించాలి. మున్సిపాలిటీ ఉత్తర్వులా ఉంటుంది చదివితే.

అటు 'స్వచ్ఛమైన' యురేనియా కూడా ఇంటి విషయాలకు దూరంగా లేదు. ఏథెన్స్‌లో దొరికిన ఒక రాతి హుండీ మీద ఆమె పేరు, పెళ్లికి ముందు వేయాల్సిన కానుక ఒక డ్రాక్మా (గ్రీకు నాణెం) అని చెక్కి ఉంది.

'ప్రేమ, అందం తప్ప ఆమెకు ఇంకేం పట్టదు' అనే మాట ఇలియడ్‌లోని ఒక ఘట్టం మీద నిలబడింది. కొడుకు ఏనియాస్‌ను కాపాడబోయి గ్రీకు వీరుడు డయోమీడ్ ఈటె చేతికి తగిలి, తల్లి డయొనీ ఒడిలో ఏడుస్తుంది. యుద్ధం నీ పని కాదు, పెళ్లిళ్లు చూసుకో అంటాడు దేవతల రాజు జ్యూస్. కవి చెప్పిన ఈ మాట స్పార్టా వాళ్లు వినలేదు. వాళ్లకు ఆయుధం పట్టిన అఫ్రొడైటీ చెక్క విగ్రహం ఉండేది, కితెరా ద్వీపంలోనూ అంతే. చాలా నగరాల్లో అధికారులు పదవీకాలం ముగిశాక ఆమెకు కానుకలు చెక్కించారు. క్నిడస్‌లో ఆమె సుఖప్రయాణం ఇచ్చే దేవత, క్రీ.పూ. 394లో ఆ ఊరి దగ్గర సముద్రయుద్ధం గెలిచిన ఏథెన్స్ సేనాని కోనోన్, పిరేయస్ రేవులో ఆమెకు గుడి కట్టించాడు. అదే రేవులో సైప్రస్‌లోని కిటియం నుంచి వచ్చి వ్యాపారం చేసుకునేవాళ్లు తమ అఫ్రొడైటీకి గుడి కట్టుకోవడానికి స్థలం కొనుక్కుంటామని క్రీ.పూ. 333లో ఏథెన్స్ సభను అడిగారు. ఈజిప్టు వాళ్లకు ఐసిస్ గుడికి ఇచ్చినట్టే వీళ్లకూ ఇవ్వాలని ఏథెన్స్ నాయకుడు లైకర్గస్ ప్రతిపాదించాడు, సభ ఒప్పుకుంది. ఆ తీర్మానం చెక్కిన రాయి ఇప్పటికీ ఉంది.