సొమ్మొకడిది, సింహమొకడిది

మొన్న శనివారం రాత్రి మా అన్నయ్య కొడుకుతో కలిసి ఓ రాబిన్ హుడ్ సినిమా చూశాను. ఏ సినిమా అని అడక్కండి, ఏదైనా ఒకటే, ఆఖరి ఐదు నిమిషాలు దాదాపు అన్నిటికీ అవే కాబట్టి. రెండు గంటల పాటు రాబిన్ చెట్లెక్కుతాడు, దిగుతాడు, బాణాలేస్తాడు. జాన్ అనే దుర్మార్గపు యువరాజు పేదల దగ్గర పన్నులు పిండుతాడు, నాటింగ్‌హామ్ షెరీఫు గుడ్లురుముతాడు. అంతా అయ్యాక, విలన్ చచ్చాక, పెళ్లి బాజాలు మొదలయ్యాక, ముసుగేసుకున్న ఓ పెద్దమనిషి గుర్రం దిగి ముసుగు తీస్తాడు. లోపల చూస్తే ఎర్ర బట్ట మీద బంగారు సింహాలు. అందరూ దబ్బున మోకాళ్ల మీద కూలబడతారు. ఇంగ్లండ్‌ను ఏలే రిచర్డ్ మహారాజు, జాన్ అన్నయ్య, వచ్చేశాడు, ఇక కష్టాల్లేవు, పన్నుల్లేవు, శుభం.

మావాడికి పదకొండేళ్లు. "బాబాయ్, ఈయన ఇంతసేపూ ఎక్కడున్నాడు?" అన్నాడు.

వాడు అడిగేసి నిద్రపోయాడు, నేను రెండింటి దాకా పడుకోలేదు. మన పాత సినిమాల్లో ఫైటింగంతా అయ్యాక వచ్చే పోలీసు జీపుకైనా ఓ న్యాయముంది, ఇన్‌స్పెక్టరు బేడీలైనా పట్టుకొస్తాడు. ఈ మహానుభావుడు ఏం పట్టుకొచ్చాడని జనం మోకాళ్ల మీద పడాలి?

ఎక్కడున్నాడంటే, జైల్లో ఉన్నాడు. క్రూసేడంటే జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు ముస్లింల మీదికి వెళ్లిన దండయాత్ర. 1191లో ఆ క్రూసేడు సైన్యాలు పాలస్తీనా తీరంలోని ఎకర్ పట్టణాన్ని పట్టుకున్నాక ఆస్ట్రియా డ్యూక్ లియోపోల్డ్ తన జెండా కూడా ఎగరేసుకుంటే, రిచర్డ్ మనుషులు దాన్ని పీకి పారేశారు. నీకూ వాటా కావాలా అని. సరే, పారేశారు, బాగుంది. మరి ఇంటికెళ్లేటప్పుడు ఆ లియోపోల్డ్ గారి ఊరి మీదుగానే వెళ్లాలా అయ్యా? 1192 డిసెంబరులో వియన్నా దగ్గర మారువేషంలో దొరికిపోయాడు. ఒక కథనం ప్రకారం వంటింట్లో పనివాడిలా కూర్చుని మాంసం కాలుస్తున్నాడట, వేలికి మాత్రం రాజుగారి ఖరీదైన ఉంగరం అలాగే ఉందట. పౌరాణిక నాటకంలో ద్వారపాలకుడి వేషం కట్టేవాడు కూడా ముందు చేతి వాచీ తీసి పక్కన పెడతాడు.

లియోపోల్డ్ ఆయన్ని జర్మనీ చక్రవర్తి ఆరో హెన్రీకి అప్పజెప్పాడు. బేరాలయ్యాక రేటు తేలింది, 1,50,000 మార్కుల వెండి. ఇంగ్లండ్ ఖజానాకు రెండు మూడేళ్లు వచ్చే రాబడి అంత. అది ఎవరి జేబులోంచి రావాలి? ప్రతివాడి ఆదాయంలో నాలుగో వంతు, ఇంట్లో కదిలే ఆస్తి విలువలో నాలుగో వంతు, చర్చిల్లోని వెండి బంగారు పాత్రలు. సిస్టర్షియన్ సన్యాసుల దగ్గర డబ్బు లేకపోతే వాళ్ల గొర్రెల మీది ఉన్ని పట్టుకెళ్లారు. వసూలు చేయించింది రాజుగారి తల్లి ఎలినార్, మంత్రులూ. వచ్చిందంతా లండన్ సెయింట్ పాల్స్ చర్చిలో పెట్టెల్లో పోసి సీళ్లు వేశారు.

అదండీ సంగతి. సినిమాలో రెండు గంటల పాటు పేదల నెత్తిన పడే ఆ పన్నుంది చూశారూ, అది ఆఖర్లో గుర్రం దిగిన ఆయన బిల్లు. జాన్ మంచివాడని నేననను, పచ్చి నీచుడు, అన్నను ఇంకొన్నాళ్లు లోపలే ఉంచితే డబ్బిస్తామని ఫ్రాన్స్ రాజుతో కలిసి హెన్రీకి ఎదురు బేరం పంపిన ఘనుడు. కానీ ఈ ఒక్క నేరం ఆయనది కాదు. ఇంకో తమాషా, రాబిన్ హుడ్ నిజంగా ఉండి, ఆ పన్నుల బండిని నిజంగా దోచి పేదలకు పంచేసి ఉంటే, రాజుగారు ఆఖరి సీనుకు వచ్చేవాడే కాదు, జర్మనీలోనే మగ్గేవాడు. రాబిన్ వదిలేసిన బండ్లు మాత్రం సద్వినియోగం అయ్యాయి. లియోపోల్డ్ తన వాటాతో వియన్నాకు కోటగోడలు కట్టించాడు, వీనర్ నోయిష్టాట్ అనే కొత్త ఊరే వేయించాడు. నాటింగ్‌హామ్ రైతు పాలు పిండి ఆస్ట్రియాకు పాయసం వండారు.

ఇక సినిమావాళ్లకు నాదో చిన్న విన్నపం. ఆ ఆఖరి సీను తీసేయొద్దు, అది నిజంగా జరిగింది. 1194 మార్చి ఆఖరులో రిచర్డ్ నాటింగ్‌హామ్ కోటను ముట్టడించి పట్టుకున్నాడు, 29వ తేదీన షేర్వుడ్ అడవి చూడ్డానికి కూడా వెళ్లాడు. అంతకుముందు ఎప్పుడూ చూడలేదట, చాలా బాగుందన్నాడట, ఆ కాలపు చరిత్రకారుడే రాసిపెట్టాడు. కాబట్టి సీను ఉంచండి, పూర్తిగా తీయండి అంటున్నాను. నేను రాసిస్తాను, డబ్బులక్కర్లేదు.

రాజు ముసుగు తీస్తాడు. అందరూ మోకాళ్ల మీద. రాబిన్ కళ్లనీళ్లతో, "ప్రభూ, వచ్చారా!" అంటాడు. రాజు తెల్లమొహం వేస్తాడు. ఎందుకంటే ఆయన మాట్లాడేది ఫ్రెంచి, దక్షిణ ఫ్రాన్సు భాష, ఇంగ్లిష్ వచ్చన్న దాఖలా లేదు. దుబాసీ వంగి చెవిలో చెప్తాడు. రాజు తలాడించి, "అడవి బాగుంది" అంటాడు. అందరూ చప్పట్లు. "ఇక్కడి షెరీఫు ఎవరు?" "ఇప్పుడే చంపాం ప్రభూ, చెరువు పక్కన పడున్నాడు." రాజు మొహం వెలిగిపోతుంది. "అయితే పోస్టు ఖాళీ. పాట మొదలెట్టండి." రాబిన్ జట్టులోని లిటిల్ జాన్ పాట అంటే వీణ పాట అనుకుని గొంతు సవరించుకుంటాడు. కాదు నాయనా, వేలంపాట. షెరీఫు ఉద్యోగం ఎవరెక్కువిస్తే వాళ్లకి, ఒకటోసారి, రెండోసారి. రాబిన్ మొహం చూడాలి అప్పుడు. వాడు ఇన్నాళ్లూ ఏ షెరీఫుతో కొట్టుకున్నాడో ఆ కుర్చీని రాజు వాడి కళ్లముందే అమ్ముతున్నాడు, కొన్నవాడు పెట్టుబడి ఎవరి దగ్గర రాబట్టుకుంటాడో అడవిలో ప్రతి ఉడతకీ తెలుసు. వేలం అయ్యాక దుబాసీ చీటీ విప్పి చదువుతాడు, భూమి మీద కొత్త పన్ను, నాగలి లెక్కన రెండు షిల్లింగులు. సన్యాసులు ఈ ఏడు ఉన్ని కూడా ఇవ్వాలి, లేదా దానికి బదులు డబ్బు కట్టాలి. వెనకాల ఓ సన్యాసి గొర్రెను ఎత్తుకుని పొదల్లోకి జారుకుంటాడు. రాబిన్ ప్రియురాలు మేరియన్ ధైర్యం చేసి, "ఎన్నాళ్లుంటారు ప్రభూ?" అని అడుగుతుంది. "మే నెల దాకా." శుభం.

నవ్వులాటకు రాశాననుకునేరు. సంభాషణలు నావి, వేలం ఆయనదే. నాటింగ్‌హామ్‌లో సభ పెట్టి షెరీఫు పదవులు అమ్మకానికి పెట్టాడు, పన్నేశాడు, ఉన్ని అడిగాడు. మే 12న పోర్ట్స్‌మత్‌లో ఓడెక్కాడు, చచ్చేదాకా మళ్లీ తిరిగి చూడలేదు. పదేళ్ల రాజరికంలో ఇంగ్లండ్‌లో ఉన్నది మొత్తం కలిపితే ఆర్నెల్లు. మన దుబాయ్ మామయ్యలే నయం, రెండేళ్లకోసారి వస్తారు, చాక్లెట్లు కూడా తెస్తారు. క్రూసేడుకు బయల్దేరే ముందు 1189లోనే పదవులు, కోటలు అమ్మాడు, స్కాట్లండ్ మీది పెత్తనాన్ని 10,000 మార్కులకు వదిలేశాడు, కొనేవాడుంటే లండన్ కూడా అమ్మేవాణ్ణన్నాడని ప్రతీతి. 1198లో ఇంకా పై మెట్టు ఎక్కాడు, పాత సీలు చెల్లదు, కొత్త సీలు వేయించుకోండి, మళ్లీ డబ్బు కట్టండి అని. రిజిస్ట్రేషన్ అయిన స్థలానికి మళ్లీ రిజిస్ట్రేషన్. మన దగ్గర ఎవరైనా ఈ ఐడియా వింటారేమోనని టెన్షన్‌గా ఉంది.

మరి ఇలాంటివాడు రాబిన్ హుడ్ కథలోకి ఎలా దూరాడు? పాత గాథల్లో అసలు ఈయన లేడు, అక్కడ రాజు పేరు ఎడ్వర్డ్. 1521లో జాన్ మేజర్ అనే స్కాట్లండ్ పండితుడు రాబిన్ కాలాన్ని రిచర్డ్ కాలానికి జరిపాడు. ఆ తర్వాత 1819 చివర్లో సర్ వాల్టర్ స్కాట్ 'ఐవన్‌హో' నవల వదిలాడు, నల్ల కవచంలో మారువేషంలో తిరిగే రాజు అందులోవాడే. మాకు నాన్‌డిటెయిల్డ్‌గా సంక్షిప్త రూపం ఉండేది, అందులో రిచర్డ్ దేవుడు. పెద్దయ్యాక అసలు పుస్తకం చదివితే తెలిసింది, స్కాటే ఆయన్ని మెరుపు బాగానే ఉంది గానీ ఉపయోగం లేని రకమని రాసుకున్నాడు. కుదించినవాళ్లు సరిగ్గా ఆ మాటే కుదించారు. 1825లో 'టాలిస్మన్' నవలలో స్కాటే, క్రూసేడులో రిచర్డ్‌తో తలపడ్డ ముస్లిం సుల్తాను సలాదీన్‌ను వైద్యుడి వేషంలో రిచర్డ్ గుడారానికి పంపి మందిప్పించాడు. వాళ్లిద్దరూ జన్మలో కలుసుకోలేదు. నిజంగా జరిగింది దీనికన్నా వింత, తన చెల్లెలు జోనాను సలాదీన్ తమ్ముడికిచ్చి పెళ్లి చేస్తే పేచీ తీరిపోతుందని రిచర్డ్ కబురు పంపాడు. చెల్లెలిని మాత్రం అడగలేదు, విని ఆవిడ మండిపడిందట.

బ్లోండెల్ కథ కూడా అంతే. పాటగాడు కోట కోట కింద పాడుకుంటూ వెతికితే లోపల్నుంచి రాజు రెండో చరణం అందుకున్నాడట. అరవై ఏళ్ల తర్వాత అల్లిన కథ. వెతకాల్సిన పనేముంది, పట్టుకున్న రోజుల్లోనే చక్రవర్తి ఫ్రాన్స్ రాజుకు ఉత్తరం రాసి మరీ సంబరపడ్డాడు. రాజుగారు జైల్లో పాట రాసిన మాట నిజం, అది ఇప్పటికీ ఉంది. స్నేహితులు బోలెడుమంది, ఇచ్చే చేతులు మాత్రం చిన్నవి అన్నది దాని సారం. అంటే చందా పాట. రాగం బాగుంటుంది, అది ఒప్పుకుంటాను.

ఇంతవరకూ నవ్వొస్తుంది. ఇక్కణ్ణుంచి రాదు.

1191 ఆగస్టు 20. ఎకర్ లొంగిపోయింది, లోపలివాళ్లు ప్రాణాలకు హామీ మీద బయటికొచ్చారు. సలాదీన్ ఇవ్వాల్సిన డబ్బు, ఖైదీలు వాయిదా రోజుకు పూర్తిగా అందలేదు. రిచర్డ్ దాదాపు 2,700 మందిని తాళ్లతో కట్టి ఊరి బయట మైదానానికి నడిపించి, సలాదీన్ సైన్యానికి కనబడేలా నరికించాడు. యుద్ధంలో కాదు. చేతులు కట్టేసి. దీన్ని చరిత్రకారులు అప్పటి పరిస్థితులు, సరుకుల కొరత, దండు కదలాల్సిన తొందర అని వివరిస్తారు, వివరించనివ్వండి, వాళ్ల ఉద్యోగం అది. కథలు కట్టినవాళ్లు ఏం చేశారన్నదే నా బాధ. 1300 ప్రాంతంలో ఇంగ్లిష్‌లో ఈయన మీద ఓ పెద్ద పద్యకథ వచ్చింది. అందులో రాజుకు జబ్బు చేసి పంది మాంసం కావాలంటాడు, దొరక్క ఓ ముస్లిం కుర్రవాణ్ణి కోసి వండి పెడతారు, తిని లేచి కూర్చుంటాడు. సంగతి తెలిశాక పగలబడి నవ్వి, ఇక మనకు తిండికి లోటు లేదంటాడు. ఆపైన సలాదీన్ రాయబారులకు విందు పెడతాడు, పళ్లేల్లో ఉడికించిన వాళ్ల బంధువుల తలలు, నుదుటి మీద పేరు చీటీలతో. ఖైదీల ఊచకోత దగ్గరికొచ్చేసరికి ఆకాశం నుంచి దేవదూత చంపండి, చంపండి అని అరుస్తాడు, చచ్చినవాళ్ల లెక్క 60,000. అర్థమైందా? సిగ్గుతో దాచలేదు, తగ్గించి చెప్పలేదు. అరవై వేలని పెంచి చెప్పారు. రాజును తిట్టడానికి కాదు, పొగడటానికి! మనిషి మాంసం తినడం మా హీరో గొప్ప అని విందుల్లో వినిపించుకున్నారు. అవతలి ఊళ్లలో మాత్రం పిల్లలు ఏడిస్తే తల్లులు, ఊరుకో, అదిగో రిచర్డ్ రాజొస్తున్నాడు అనేవాళ్లని ఫ్రెంచి చరిత్రకారుడు జ్వాన్‌విల్ రాశాడు. ఆ తల్లులకు సరైన కథ తెలుసు. బూచాడి కథ. మనకు మాత్రం ఆ బూచాడికే కిరీటం పెట్టి, సింహాల చొక్కా తొడిగి, పిల్లల సినిమాలో పెళ్లిపెద్దగా నిలబెట్టి చూపిస్తున్నారు, మా వాడు పాప్‌కార్న్ తింటూ చప్పట్లు కొట్టాలి!

లండన్‌లో పార్లమెంటు బయట 1860 నుంచి ఆయన కంచు విగ్రహం ఉంది, గుర్రం మీద కత్తెత్తి. జనాన్ని అడక్కుండా పన్నులెయ్యొద్దని శతాబ్దాల పాటు రాజులతో కొట్లాడిన సభ ముందు, ఈయన. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడి కత్తి వంగితే దాన్నీ సాపు చేయించారు. ఖర్చు ఎవరు పెట్టుకుని ఉంటారో చెప్పక్కర్లేదు.

రిచర్డ్‌కున్న సింహహృదయం (లయన్‌హార్ట్) అన్న పేరుకూ ఆ పద్యకథలో ఓ వివరణ ఉంది. జైల్లో ఆయన మీదికి సింహాన్ని వదిలితే గొంతులో చెయ్యి పెట్టి గుండె పీకి, విందు బల్ల దగ్గరికి తీసుకెళ్లి, ఉప్పులో అద్దుకుని పచ్చిదే తిన్నాడట. ఆయన అసలు గుండె సంగతి వేరే. 1199లో ఫ్రాన్సులో షాలూ అనే చిన్న కోట దగ్గర కవచం లేకుండా తిరుగుతుంటే భుజానికి క్రాస్‌బో బాణం తగిలింది, వేసినవాడు మూకుణ్ణి డాలుగా అడ్డం పెట్టుకున్నాడని చెప్తారు. పుండు కుళ్లి ఏప్రిల్ 6న పోయాడు. ఒళ్లు ఒకచోట, పేగులు ఒకచోట పాతి, గుండెను రువాన్ చర్చికి పంపారు. అది 1838లో సీసం పెట్టెలో దొరికింది, 2013లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు పరీక్షలు చేశారు. మిగిలింది కాస్త గోధుమరంగు పొడి. అందులో పుదీనా, సాంబ్రాణి, చామంతి జాతి పువ్వు, కాస్త పాదరసం తేలాయి.

పొద్దున మావాడు లేవగానే ఇదంతా చెప్పాను. అన్నీ విని, "మరి ఉప్పు వెయ్యలేదా బాబాయ్?" అన్నాడు.