ఆర్వీ ఆగిపోతే ఎవరికి చెప్పుకోవాలి?

ఆర్వీ, అంటే ఇల్లులాంటి మోటర్‌హోమ్ బండి, కొనేటప్పుడు బెడ్డు, కిచెన్, షవర్ అన్నీ చూపిస్తారు. అది హైవే మీద ఆగిపోతే ఏ షెడ్డువాళ్లు చూస్తారో మాత్రం ఎవరూ చెప్పరు. అరిజోనాలో ఐ-40 హైవే మీద కింగ్‌మన్ దాటి నీడిల్స్ వైపు వెళ్తుంటే జూలై ఎండలో మా ఇంజన్ వేడెక్కి ఆగింది. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేస్తే ఆ ప్లాన్ కార్లకేనట, మోటర్‌హోమ్‌కి వర్తించదట! సొంత డబ్బుతో పెద్ద టో ట్రక్కు పిలిపించుకుని ఊళ్లోకి చేరితే, కార్ల షెడ్డువాళ్లు ఎత్తు ఎక్కువ, లోపల పట్టదన్నారు. ఆర్వీ షాపువాళ్లు ఇంటి భాగమే మేం చూస్తాం, ఇంజన్ మా పని కాదన్నారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న ఆ ఎండలో ఉన్నారని చెప్పినా ఎవరికీ పట్టలేదు. చివరికి లారీలు బాగుచేసే మెకానిక్ ఒకాయన వచ్చి వాటర్ పంప్ మార్చాడు. ఆయనకి దండం పెట్టాలి.

టైర్ల సంగతి ఇంకా ఘోరం. ఎక్కువ రోజులు కదలకుండా ఉండే బండి కాబట్టి ట్రెడ్, అంటే రోడ్డుకి ఆనే పైభాగం, కొత్తగానే కనిపిస్తుంది, రబ్బరు మాత్రం పాతబడి పేలిపోతుంది. టైరు పక్కన DOT అని మొదలయ్యే కోడ్ చివర 2317 అని ఉంటే 2017లో 23వ వారం తయారైందని అర్థం. పాత బండ్లు అమ్మేవాళ్లు ఇది ఒక్కసారైనా చూపిస్తారా? బెల్టు, హోస్ పైపులు, ఫ్యూజులు, కూలెంట్ వెంట ఉంచుకోమని ఓనర్లే ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. అంత డబ్బు తీసుకున్నవాళ్లు ఆ మాత్రం చెప్పలేరా?