"సాంప్లర్ ఉంటే సీక్వెన్సర్ దండగ" అంటున్న పోస్టుకు జవాబు

హైదరాబాద్ బీట్ మేకర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు ఫార్వర్డ్ అవుతూనే ఉంది. సారాంశం ఇది: "బీట్లు చేయాలంటే సాంప్లర్ కొను, సీక్వెన్సర్ దండగ. దానికి సొంత సౌండే లేదు. సాంప్లర్‌లో సీక్వెన్సర్ ఎలాగూ ఉంటుంది. పదహారు స్టెప్పుల మిషన్ మీద తీన్మార్ పడదు. పాత ఎంపీసీ స్వింగ్ ఇంకెక్కడా రాదు, జపాన్ నుంచి సెకండ్‌హ్యాండ్‌ది చవగ్గా తెప్పించుకో. హార్డ్‌వేర్ టైమింగ్ ముందు కంప్యూటర్ నిలవదు. ఏడు సెకన్లలోపు ముక్క కోసుకుంటే కాపీరైట్ వర్తించదు."

మొదటి మిషన్ కోసం నెలల తరబడి డబ్బు కూడబెట్టినవాళ్లు ఇది చదివి ఆర్డర్ పెడుతున్నారు. అందుకే ఒక్కో మాటా విడదీసి చూడాలి.

"సీక్వెన్సర్‌కు సొంత సౌండే లేదు"

నిజమే, లేదు. ఉండాల్సిన పనీ లేదు. సాంప్లర్ శబ్దాన్ని పట్టి, కోసి, ప్యాడ్ మీద పెట్టి పలికిస్తుంది. సీక్వెన్సర్ ఏ శబ్దం ఎప్పుడు, ఎంత గట్టిగా పలకాలో గుర్తుపెట్టుకుని చెబుతుంది. కోర్గ్ ఎస్‌క్యూ-1, ఆర్టూరియా బీట్‌స్టెప్ ప్రో ఈ రెండో కోవవి. ఇంట్లో ఇప్పటికే యమహా కీబోర్డో కాసియో కీబోర్డో ఉంటే డ్రమ్ములూ బేసూ అందులోనే ఉన్నాయి. లేనిదల్లా వాటిని అలుపు లేకుండా వాయించే చెయ్యి.

మిడి అంటే సంగీత మిషన్లు ఒకదానికొకటి నోట్లు పంపుకునే భాష. అందులో జనరల్ మిడి అనే ప్రమాణం పాటించే కీబోర్డులో డ్రమ్ములది చానెల్ 10. నోటు 36 కిక్, 38 స్నేర్, 42 మూసిన హైహ్యాట్, 46 తెరిచిన హైహ్యాట్. సీక్వెన్సర్ డ్రమ్ ట్రాక్‌ను చానెల్ 10కి మార్చి ఈ నంబర్లు ఇస్తే కీబోర్డే డ్రమ్ మిషన్ అవుతుంది. చానెల్ 1లో వదిలేస్తే కిక్ రావాల్సిన చోట పియానో కింది స్వరం మోగుతుంది. మిషన్ పాడైందని వాపసు పంపే ముందు ఈ ఒక్కటి చూసుకోండి.

అయితే కొనే ముందు కీబోర్డు వెనక్కి తిప్పి చూడాలి. 5 పిన్నుల గుండ్రటి మిడి ఇన్ ఉంటే సరే. కొత్త కీబోర్డులు చాలావాటికి యూఎస్‌బీ ఒక్కటే ఉంటుంది. దాన్ని సీక్వెన్సర్ యూఎస్‌బీకి నేరుగా కలిపితే ఏమీ జరగదు, ఎందుకంటే రెండూ అవతల కంప్యూటర్ ఉంటుందనుకునేవే. మధ్యలో యూఎస్‌బీ మిడి హోస్ట్ పెట్టె కావాలి, దాని ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇంకో చిక్కు 3.5 మి.మీ. మిడి జాకులది. వీటిలో టైప్ ఏ, టైప్ బీ అని రెండు వైరింగులున్నాయి. 2018లో టైప్ ఏ ప్రమాణంగా ఖరారైంది కానీ అంతకుముందు వచ్చిన మిషన్లు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. కోర్గ్‌ది ఏ, బీట్‌స్టెప్ ప్రోది బీ. తప్పు కేబుల్ పెడితే ఏదీ కాలిపోదు, నోట్లు అందవు, అంతే. కోఠి గుజరాతీ గల్లీలో డిన్ ప్లగ్గు (ఆ 5 పిన్నుల గుండ్రటిది), స్టీరియో జాకు తెచ్చుకుని మీరే సోల్డర్ చేసుకోవచ్చు. టైప్ ఏ అయితే టిప్‌ను (జాకు మొన) 5వ పిన్నుకు, రింగ్‌ను (మధ్య వలయం) 4వ పిన్నుకు, స్లీవ్‌ను (మొదలు) 2వ పిన్నుకు కలపాలి. టైప్ బీ అయితే టిప్, రింగ్ తారుమారు చేయాలి.

"సాంప్లర్‌లో సీక్వెన్సర్ ఎలాగూ ఉంటుంది"

ఉంటుంది. ఎలాంటిది ఉంటుందన్నదే అసలు ప్రశ్న. పోస్టు అక్కడే ఆగిపోయింది.

రోలాండ్ ఎస్‌పీ-404ఎస్ఎక్స్ తీసుకోండి. పాత మోడల్, సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పటికీ దొరుకుతుంది. ప్యాటర్న్ (తిరిగి తిరిగి మోగే బీటు ముక్క) రికార్డు చేయాలంటే మెట్రోనోమ్ వింటూ ప్యాడ్లు కొట్టాలి. ఒక్క దెబ్బను ఎంచుకుని పక్కకు జరిపే స్టెప్ ఎడిటింగ్ లేదు. మిడి ఇన్ ఉంది, అవుట్ లేదు, కాబట్టి అది మీ సింథ్‌ను వాయించలేదు. 2021లో వచ్చిన ఎస్‌పీ-404ఎంకే2లో మిడి అవుట్ ఉంది. పేర్లు దాదాపు ఒకటే, పనిలో మాత్రం చాలా తేడా.

2017లో వచ్చిన ఎలెక్ట్రాన్ డిజిటాక్ట్ దీనికి పూర్తిగా ఎదురు. 8 ఆడియో ట్రాకులు, 8 మిడి ట్రాకులు, ప్యాటర్న్‌కు 64 స్టెప్పులు (దెబ్బ పెట్టగల గళ్లు). ఒక్కో స్టెప్‌కు వేరే పిచ్, వేరే ఫిల్టర్, కావాలంటే వేరే సాంపులే పెట్టొచ్చు. కానీ ఈ మొదటి డిజిటాక్ట్ మోనో సాంప్లర్, ప్రాజెక్టుకు 64 ఎంబీ మెమరీ. 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో అంటే సెకనుకు 96 కేబీ, కాబట్టి మొత్తం దాదాపు 11 నిమిషాలు. విడి డ్రమ్ దెబ్బలకు ఇది ధారాళం. పొడవాటి స్టీరియో లూపులతో పని చేసేవాళ్లకు ఇరుకు. 2024 డిజిటాక్ట్ 2లో స్టీరియో వచ్చింది, ట్రాకులు 16 అయ్యాయి, స్టెప్పులు 128 అయ్యాయి.

కాబట్టి పెట్టె మీద ఏ పేరుందని కాక, మీ దగ్గర ఏ పనికి మిషన్ లేదో చూసుకుని కొనాలి. ఫోన్ నిండా రికార్డింగులుండి వాటిని కోసి పలికించే దారి లేకపోతే సాంప్లర్. శబ్దాలిచ్చే కీబోర్డూ సింథూ ఉండి, రెండింటినీ ఒకే వేళకు నడిపేది లేకపోతే సీక్వెన్సర్. రెండూ లేనివాళ్లకు మిడి అవుట్ ఉన్న సాంప్లర్ మంచి మొదటి మిషన్, ఆ మేరకు పోస్టు చెప్పింది తప్పు కాదు. మిడి అవుట్ ఉందా, ట్రాకుకు విడిగా పొడవు పెట్టొచ్చా, క్వాంటైజ్ (దెబ్బలను గళ్లలోకి సర్దేయడం) ఆపి రికార్డు చేయొచ్చా అన్న మూడూ మాన్యువల్‌లో వెతికాకే డబ్బు కట్టండి.

"పదహారు స్టెప్పుల మిషన్ మీద తీన్మార్ పడదు"

బోనాలు, గణేశ్ నిమజ్జనం, బరాత్ ఉన్న ఊళ్లో ఈ మాట నమ్మితే చాలా నష్టం. తీన్మార్ మూడేసి మాత్రల నడక, మన లెక్కలో తిశ్రం. పదహారు స్టెప్పులు నాలుగు నాలుగులు, అంటే చతురశ్రం. పదహారులో మూడు సరిగ్గా ఇమడదు కాబట్టి పడదనిపిస్తుంది. పరిష్కారం సులువు: ట్రాకు పొడవు 12 చేయండి. 1, 4, 7, 10 స్టెప్పుల మీద ప్రధాన దెబ్బలు పెట్టి, మధ్య స్టెప్పులను చెవితో వింటూ నింపుకోండి. నడక రావాలంటే వెలాసిటీ, అంటే దెబ్బ బలం, ముఖ్యం. ప్రధాన దెబ్బ 120 దరిదాపుల్లో ఉంటే మధ్యవి 50 నుంచి 80 మధ్య ఉండాలి. అన్నీ ఒకే బలంతో కొడితే కుట్టుమిషన్ చప్పుడులా ఉంటుంది.

ఇక్కడ మూడు తప్పులు జరుగుతాయి.

ఒకటి టెంపో. మిషన్ నాలుగు స్టెప్పులను ఒక బీట్‌గా లెక్కేస్తుంది, మన కాలు మూడు స్టెప్పులకోసారి పడుతుంది. అందుకే కాలు నిమిషానికి 120 సార్లు పడాలంటే మిషన్ మీద 90 పెట్టాలి. కావలసిన వేగాన్ని నాలుగుతో భాగించి మూడుతో గుణిస్తే సరిపోతుంది. దీంతోపాటు డిలే (ప్రతిధ్వని ఎఫెక్ట్) కూడా 90 లెక్కనే నడుస్తుంది. క్వార్టర్ నోటు డిలే 667 మిల్లీసెకన్లకు వచ్చి నడకను చెడగొడుతుంది. డాటెడ్ ఎయిత్ పెడితే సరిగ్గా 500 మిల్లీసెకన్లు, కాలితో కలిసి పడుతుంది.

రెండోది స్వింగ్. ఈ పద్ధతిలో స్వింగ్‌ను 50 శాతం దగ్గరే, అంటే సున్నా ప్రభావం దగ్గరే ఉంచాలి. స్వింగ్ సరి సంఖ్య స్టెప్పులను వెనక్కి లాగుతుంది. మన ప్రధాన దెబ్బల్లో 4, 10 సరి సంఖ్యలే. అవి ఆలస్యమై బీట్ కుంటుతుంది.

మూడోది పొడవులు కలవకపోవడం. డప్పు ట్రాకు 12, హైహ్యాట్ 16 అయితే రెండూ మళ్లీ ఒకేచోట మొదలయ్యేది 48 స్టెప్పులకు. కావాలని చేస్తే అందంగానే ఉంటుంది. వద్దనుకుంటే అన్ని ట్రాకులూ 12 చేయాలి. ట్రాకుకు విడి పొడవు లేని మిషన్ అయితే మొత్తం ప్యాటర్న్ పొడవే మార్చాలి. స్టెప్ స్కేల్‌లో ట్రిప్లెట్ ఉన్న మిషన్‌లో ఈ లెక్కలేవీ అక్కర్లేదు, ఎయిత్ ట్రిప్లెట్ ఎంచుకుని టెంపో 120కే పెట్టుకోవచ్చు. ఖండం (ఐదేసి మాత్రలు) కావాలంటే 10, మిశ్రం (ఏడేసి) కావాలంటే 14.

శబ్దం సంగతి. ఇంటర్నెట్‌లో దొరికే ప్యాక్ కన్నా సొంతంగా పట్టిన డప్పు వంద రెట్లు మేలు, అయితే పట్టే వేళ ఒకటుంది. డప్పును మంట దగ్గర కాచాక చర్మం బిగుసుకుని కంగుమంటుంది, చల్లారే కొద్దీ స్వరం దిగుతుంది. కాచిన వెంటనే పట్టాలి. సగం దెబ్బలు వేడి మీద, సగం చల్లారాక పడితే ఒకే కిట్‌లో రెండు డప్పులున్నట్టు వినిపిస్తుంది. సిర్ర దెబ్బ, సిటికెన పుల్ల దెబ్బ విడివిడిగా, ఒక్కోటి మెత్తగా, మధ్యస్తంగా, గట్టిగా నాలుగేసి సార్లు తీసుకోండి. మైకు అర మీటరు దూరంలో, కాస్త పక్కగా ఉండాలి. లెవెల్ శిఖరం మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు.

తర్వాత కోత. దెబ్బకు ముందున్న నిశ్శబ్దం 10 మిల్లీసెకన్లు మిగిలినా ఆ డప్పు ప్రతిసారీ వెనకబడే పలుకుతుంది, మీరేమో సీక్వెన్సర్‌ను తిడుతూ ఉంటారు. తరంగం లేచే చోటుకు జూమ్ చేసి మొదలు పెట్టండి, చివర 20 మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వండి, లేకపోతే టిక్కుమంటుంది. ఒకే రకం దెబ్బలు మూడింటిని వంతులవారీగా వాడితే చెయ్యి వాయించినట్టే ఉంటుంది.

"పాత ఎంపీసీ స్వింగ్ ఇంకెక్కడా రాదు, జపాన్ నుంచి తెప్పించుకో"

స్వింగ్ మంత్రం కాదు, గణితం. 1988లో అకాయ్ తెచ్చిన ఎంపీసీ 60 అనే సాంప్లర్-సీక్వెన్సర్‌ను రూపొందించిన రోజర్ లిన్ ఇదే పద్ధతిని అంతకుముందే తన ఎల్ఎమ్-1 డ్రమ్ మిషన్‌లో వాడారు. ప్రతి జతలో రెండో పదహారో వంతు నోటును కొంచెం ఆలస్యం చేయడమే స్వింగ్. 90 టెంపోలో ఒక జత 333 మిల్లీసెకన్లు. 50 శాతం అంటే రెండోది 167 దగ్గర, నిటారుగా. 58 శాతం అంటే 193 దగ్గర. 66 దాకా పోతే ట్రిప్లెట్. బీట్‌ను 96 భాగాలు చేసే మిషన్‌లో జతకు 48 టిక్కులు, అందులో 58 శాతం అంటే దగ్గరదగ్గర 28వ టిక్కు. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఆ నోటును 27 మిల్లీసెకన్లు వెనక్కి జరిపితే అదే నడక వస్తుంది. ఒక జాగ్రత్త: కొన్ని సాఫ్ట్‌వేర్లలో స్వింగ్ కొలత సున్నా నుంచి మొదలవుతుంది, అక్కడ 58 అని కొడితే చాలా ఎక్కువైపోతుంది.

పాత మిషన్లలో నిజంగా వేరుగా ఉన్నది శబ్దం. 1987 నాటి ఈ-ము ఎస్‌పీ-1200 12 బిట్, 26.04 కిలోహెర్ట్జ్, మొత్తం 10 సెకన్లు. చోటు చాలక 33 రికార్డును 45 వేగంలో తిప్పి పట్టి, మిషన్‌లో 5 సెమీటోన్ల పైచిలుకు కిందికి దించేవాళ్లు. అలా 13.5 సెకన్ల సంగీతం 10 సెకన్లలో పట్టేది. ఆ దించడంలో వచ్చిన గరుకుదనాన్నే జనం ప్రేమించారు. అదే పని ఈరోజు ఎస్‌పీ-404ఎంకే2లోనూ, ఫ్రీ ప్లగిన్లతోనూ చేయొచ్చు.

జపాన్‌లో కరెంటు 100 వోల్టులు, మనది 230. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెడితే సరఫరా భాగం పోతుంది. అందుకే 230ని 100కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, దిగుమతి సుంకం, అరిగిన ప్యాడ్ల ఖర్చు అన్నీ కలిపాక "చవక" అన్న మాట నిలవదు. సేవ్ చేయని పని కరెంటు పోగానే పోతుంది, పాత ఎంపీసీలో ఆ సేవ్ ఫ్లాపీ మీద చేయాలి. అడాప్టర్లూ అంతే. రోలాండ్ 9 వోల్టులది మధ్యలో నెగెటివ్, కోర్గ్ వోల్కాది మధ్యలో పాజిటివ్. గుర్తు చూడకుండా ఒకదానిది ఇంకోదానికి పెట్టొద్దు.

"హార్డ్‌వేర్ టైమింగ్ ముందు కంప్యూటర్ నిలవదు"

రెండు వేరు విషయాలను కలిపేసిన మాట ఇది. ప్యాడ్ కొట్టాక శబ్దం ఆలస్యంగా రావడం ఒకటి: 44.1 కిలోహెర్ట్జ్‌లో 256 సాంపుల్స్ బఫర్ (కంప్యూటర్ శబ్దాన్ని ముందుగా పోగేసుకునే చోటు) అంటే 5.8 మిల్లీసెకన్లు, బఫర్ తగ్గిస్తే తగ్గుతుంది. నోట్లు క్రమం తప్పి అటూఇటూ కావడం ఇంకోటి. ప్రాజెక్టులో గీసిన నోట్లను సాఫ్ట్‌వేర్ తన లోపలే పలికించుకుంటే సాంపుల్ తేడా కూడా ఉండదు. హార్డ్‌వేర్‌కూ పరిమితులున్నాయి. మిడి కేబుల్ వేగం సెకనుకు 31,250 బిట్లు, ఒక్కో నోటుకు దాదాపు ఒక మిల్లీసెకను. ఒకే కేబుల్ మీద 8 నోట్లు ఒకేసారి పంపితే చివరిది దాదాపు 7 మిల్లీసెకన్లు వెనకబడొచ్చు. కిక్‌ను విడి కేబుల్ మీద పెట్టండి.

"ఏడు సెకన్లలోపు కాపీరైట్ వర్తించదు"

1957 కాపీరైట్ చట్టంలో ఇన్ని సెకన్లు ఉచితం అన్న నియమమే లేదు. సౌండ్ రికార్డింగ్‌కు ప్రచురణ తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ల రక్షణ, అందులోని స్వరానికీ సాహిత్యానికీ విడిగా హక్కులు. సెక్షన్ 52 మినహాయింపు సొంత వాడకం, విమర్శ, సమీక్ష వంటివాటికే, విడుదల చేసే బీటుకు కాదు. ఇంట్లో సాధనకు కోసుకోండి, విడుదలకు అనుమతి తీసుకోండి.

డప్పు, మర్ఫా కళాకారుల దగ్గర పట్టిన శబ్దాలకు కూడా ఇదే. సెక్షన్ 38 కింద ప్రదర్శకులకు హక్కుంది, అది 50 ఏళ్లు. రికార్డు చేసే రోజే డబ్బు ఇచ్చి కాగితం రాసుకోండి: వాయించినవాళ్ల పేర్లు, తేదీ, ఇచ్చిన మొత్తం, ఈ దెబ్బలను బీట్లలో వాడి అమ్ముకోవచ్చన్న ఒక్క వాక్యం, ఇద్దరి సంతకాలు. దాని నకలు ఒకటి వాళ్ల చేతికి ఇవ్వండి.